బూజు పెరగడం వేరు, విషం చేయడం వేరు

వానాకాలంలో విశాఖలో తేమ తగిలిన వేరుశెనగ బస్తాకు పచ్చబూజు పట్టడం మామూలే. ఆ బూజు, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, పట్టిన ప్రతిచోటా అఫ్లాటాక్సిన్ అనే విషం చేయదు. కొన్ని రకాల్లో అందుకు కావలసిన జన్యువులే ఉండవు. ఉన్నవాటిలోనూ అవి చాలాసార్లు నిద్రలోనే ఉంటాయి.

ఈ విషం 1960లో బయటపడింది. ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి దాణాగా వచ్చిన వేరుశెనగ చెక్కలో దొరికింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు. అప్పటికి విషం ఏమిటో తెలుసు. బూజు దాన్ని ఎప్పుడు చేస్తుందో తెలియదు.

జవాబు ముక్కలుముక్కలుగా వచ్చింది. ఒక్కో పదార్థాన్ని తయారుచేసే జన్యువులు క్రోమోజోమ్ మీద పక్కపక్కనే గుంపుగా ఉంటాయని 1990లలో తేలింది. పెన్సిలిన్‌కు ప్రధానంగా మూడే జన్యువులు. అఫ్లాటాక్సిన్‌కు దగ్గరి చుట్టమైన స్టెరిగ్మటోసిస్టిన్ అనే విషాన్ని చేసే గుంపులో ఇరవై అయిదు ఉన్నాయని 1996లో ప్రకటించారు. ఆ గుంపును నడిపే స్విచ్చి ఏఎఫ్‌ఎల్‌ఆర్ అనే జన్యువు. మరి ఆ స్విచ్చిని నొక్కేదెవరు? 2004లో లేఏ అనే జన్యువు దొరికింది. దాన్ని తీసేస్తే స్టెరిగ్మటోసిస్టిన్, పెన్సిలిన్ రెండూ పడిపోయాయి. 2008కి పూర్తి చిత్రం వచ్చింది. చీకట్లో వీఏ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి ఎక్కువగా చేరి, వెల్‌బీ అనే మరో ప్రొటీన్‌తో, లేఏ జన్యువు చేసే ప్రొటీన్‌తో జట్టుకడుతుంది. వెలుతురులో ఆ చేరిక తగ్గుతుంది. మన దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలు మలుపు ఇదే.

2005లో ఆస్పర్జిల్లస్ నిడ్యులాన్స్ అనే మరో బూజు జన్యుపటం వచ్చాక ఇంకో సంగతి బయటపడింది: తెలిసిన పదార్థాలకన్నా జన్యు గుంపులే చాలా ఎక్కువ. మిగతావి మూగగా ఉన్నాయి. 2009లో ఒక స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా ఒంటికి ఒళ్లు తగిలేలా పక్కన పెరిగినప్పుడే అలాంటి గుంపు ఒకటి మేల్కొని ఆర్సెల్లినిక్ ఆమ్లం చేసింది. బ్యాక్టీరియాను తీసేసి, అది పెరిగిన ద్రవం మాత్రమే పోస్తే ఏమీ జరగలేదు.

విశాఖ తీరంలో కొట్టుకొచ్చిన కొయ్య మీది బూజులో కొత్త మందు వెతికేవారికి ఇక్కడే చిక్కు: గుంపు మేల్కొనేదీ లేనిదీ బూజును పెంచే పరిస్థితుల్ని బట్టే. యూరప్ పత్రాల్లో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 20-25 డిగ్రీలు. మన గదిలో మే నెలలో 35 దాటొచ్చు. అఫ్లాటాక్సిన్ 30 దగ్గర బాగా వస్తుంది. 37 దగ్గర బూజు ఏపుగా పెరుగుతుంది గానీ విషం దాదాపు ఆగిపోతుంది. కరెంటు పోయి, వేడిని నిలకడగా ఉంచే ఇంక్యుబేటర్ అదుపు తప్పినా అంతే.

మీడియం, అంటే బూజును పెంచే ఆహారం, కూడా అలాంటిదే. గ్లూకోజ్ ఎక్కువైతే పెన్సిలిన్ జన్యువులు అణిగిపోతాయి. అందుకే పాత కాలపు పెన్సిలిన్ ఫ్యాక్టరీలు నెమ్మదిగా ఖర్చయ్యే లాక్టోజ్ వాడేవి. ఆస్పర్జిల్లస్ పారాసిటికస్‌లో నైట్రేట్ అఫ్లాటాక్సిన్‌ను తగ్గిస్తుంది, కాబట్టి సోడియం నైట్రేట్ ఉండే జాపెక్-డాక్స్ మీడియం మీద ఏమీ రాలేదని బూజును పారేయడం తొందరపాటు.

మూగ గుంపుల్ని లేపడానికి వాడే 5-అజాసిటిడిన్ అనే రసాయనాన్ని ఆటోక్లేవ్ చేయకూడదు, అంటే ఒత్తిడి ఆవిరిలో వేడిచేసి క్రిములు చంపకూడదు. నీటిలో గంటల్లో చెడుతుంది గనుక అప్పటికప్పుడు కలిపి ఫిల్టర్ చేసి పోయాలి. అదే పనికి వాడే వొరినోస్టాట్‌ను డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగిస్తే, పోల్చి చూడడానికి ఒట్టి డీఎమ్‌ఎస్‌ఓ పోసిన ఫ్లాస్కు పక్కన ఉండాల్సిందే. బూజు వేయని మీడియం ఫ్లాస్కు ఇంకొకటి. అది లేక మీడియంలోని పదార్థాన్నే బూజు చేసిన కొత్త మెటబొలైట్ (పదార్థం) అనుకున్నవాళ్లు తక్కువేం కాదు. పైగా పదేపదే సబ్‌కల్చర్ చేస్తే, అంటే పాత కల్చర్ నుంచి కొత్త మీడియంలోకి మారుస్తూ పోతే, కొన్ని ఆస్పర్జిల్లస్‌లు పదార్థం చేయడమే మానేస్తాయి. మొదటి కల్చర్ బీజాలను గ్లిజరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచి, ప్రతి ప్రయోగానికీ అందులోంచే తీయాలి.