కలనగణితం తగవు: ఆ ఉత్తరాలను ఏరి కూర్చింది ఎవరు?

కలనగణితం (కాల్క్యులస్) మొదట ఎవరిదన్న ప్రశ్న మళ్లీ రాజుకుంది. కేరళ గణితవేత్త మాధవుని అనంత శ్రేణుల (అంతులేకుండా సాగే పదాల మొత్తాల) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ న్యూటన్, జర్మన్ గణితవేత్త లైబ్నిజ్‌ల పాత తగవు కూడా దాని వెంటే బయటికొస్తుంది. లైబ్నిజ్ న్యూటన్ కాగితాలు చూసి కాపీ కొట్టాడనీ, ఆ సంగతిని లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీయే విచారించి తేల్చిందనీ చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. న్యూటన్ 1665-66 నాటికే తన పద్ధతిని కనుగొన్నాడన్న దానిమీద గానీ, లైబ్నిజ్ 1684లో తన పద్ధతిని ముందుగా అచ్చు వేయించాడన్న దానిమీద గానీ నేడు పేచీ లేదు కనుక అక్కడ ఆగనక్కరలేదు. చూడవలసింది 1712లో జరిగిన ఆ విచారణను.

దానికి సాక్ష్యాలన్నీ ఉత్తరాలే. 1676లో న్యూటన్ లైబ్నిజ్ కోసం రెండు ఉత్తరాలు రాశాడు. రెండూ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ చేతుల మీదుగానే వెళ్లాయి. వాటిలో ఎక్కువ భాగం అనంత శ్రేణుల గురించే. అసలు కీలకాన్ని న్యూటన్ అక్టోబరు 24 నాటి రెండో ఉత్తరంలో గుప్తలిపిలో దాచాడు. ఒక లాటిన్ వాక్యాన్ని విడగొట్టి, అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో మాత్రమే వరుసగా రాశాడు: ‘ఎ’లు 6, ‘సి’లు 2, ‘డి’ ఒకటి, ‘ఇ’లు 13, ఇలా చివరిదాకా. ఎవరైనా దాన్ని విప్పగలిగినా దొరికేది, మారే రాశులున్న సమీకరణం ఇస్తే వాటి మార్పు రేట్లను కనుక్కోవడం, తిరిగి వాటినుంచి రాశులను రాబట్టడం అన్న సమస్య మాత్రమే. ఎలా చేయాలన్నది అందులో లేదు. ఈ ఉత్తరం అందాక లైబ్నిజ్ 1677 జూన్ 21న రాసిన జవాబులో తన అవకలన పద్ధతిని (మార్పు రేట్లను కనుక్కునే పద్ధతిని) ఏ దాపరికమూ లేకుండా వివరించాడు. సమాకలన (అవకలనకు విలోమ ప్రక్రియ) గుర్తును అతను పారిస్‌లోని తన రాతప్రతిలో 1675 అక్టోబరు 29నే వాడి ఉన్నాడు.

న్యూటన్ పద్ధతినే లైబ్నిజ్ పేరూ గుర్తులూ మార్చి ప్రచురించాడని న్యూటన్ అనుయాయి జాన్ కీల్ సొసైటీ పత్రికలో రాయగా, 1673 నుంచీ సొసైటీ సభ్యుడైన లైబ్నిజ్ 1711లో న్యాయం చేయమని దానికే ఫిర్యాదు చేశాడు. అప్పుడు సొసైటీ అధ్యక్షుడు న్యూటనే. 1712 మార్చిలో వేసిన కమిటీ ఏప్రిల్ 24 కల్లా నివేదిక ఇచ్చేసింది. సభ్యుల్లో ముగ్గురు చేరింది అంతకు వారం ముందే. ఫిర్యాదుదారు వాదన ఏమిటని లైబ్నిజ్‌ను ఎవరూ అడగలేదు. న్యూటన్ మొదటి ఆవిష్కర్త అనీ, కీల్ రాతలో తప్పు లేదనీ కమిటీ తేల్చింది. ఆ నివేదికకు న్యూటన్ సొంత దస్తూరీలో ఉన్న చిత్తుప్రతులు నేటికీ ఉన్నాయి. కక్షిదారే తీర్పు రాసుకున్న దాన్ని విచారణ అనలేము.

నివేదికతో పాటు ఏరిన ఉత్తరాలను ‘కమెర్షియం ఎపిస్టోలికం’ (ఉత్తర ప్రత్యుత్తరాలు) పేరుతో అచ్చు వేసి ఐరోపా అంతటా పంచిపెట్టారు. అందులో బరువంతా 1672 డిసెంబరు 10న న్యూటన్ లండన్ గణితవేత్త జాన్ కాలిన్స్‌కు స్పర్శరేఖల గురించి రాసిన ఉత్తరం మీద మోపారు. అది 1676లో పారిస్‌లో ఉన్న లైబ్నిజ్‌కు చేరిందని కమిటీ చెప్పింది. నిజానికి చేరింది దాని ప్రస్తావన ఉన్న ఒక సంగ్రహం మాత్రమే. న్యూటన్ లెక్క చేసి చూపిన ఉదాహరణ అందులో లేదు. 1676 అక్టోబరులో లండన్ వచ్చినప్పుడు లైబ్నిజ్ కాలిన్స్ దగ్గర న్యూటన్ రాతప్రతి ఒకటి చూసిన మాట వాస్తవమే, ఆ సంగతి అతను బయటపెట్టకపోవడమూ వాస్తవమే. అయితే అప్పుడు రాసుకున్న నోట్సు 19వ శతాబ్దంలో హానోవర్‌లోని అతని కాగితాల్లో దొరికింది. అందులో ఎత్తిరాసుకున్నది శ్రేణుల భాగాలనే. అవకలన విషయంలో అతనికి కొత్తగా తెలుసుకోవలసింది అప్పటికేమీ లేదు.

1715లో సొసైటీ పత్రికలో ‘కమెర్షియం’ మీద ఒక సుదీర్ఘ సమీక్ష పేరు లేకుండా వచ్చింది. దాన్ని రాసింది కూడా న్యూటనే. లైబ్నిజ్ సైతం పేరు దాచి రాసిన సందర్భాలు ఉన్నా, అతనికి ఒక జాతీయ సంస్థ ముద్ర అండగా లేదు. 1716 నవంబరులో అతను హానోవర్‌లో మరణించాడు. 1687 నాటి న్యూటన్ గ్రంథం ‘ప్రిన్సిపియా’ మొదటి కూర్పులో, లైబ్నిజ్ కూడా అలాంటి పద్ధతినే కనుగొని తనకు తెలియజేశాడని న్యూటన్ స్వయంగా ఒప్పుకున్న వ్యాఖ్య ఒకటి ఉంది. 1726లో వచ్చిన మూడో కూర్పులో న్యూటన్ ఆ వ్యాఖ్యను తీసేసి, దాని స్థానంలో కాలిన్స్‌కు రాసిన ఆ 1672 డిసెంబరు ఉత్తరాన్ని పెట్టాడు.