పెరుగన్నం మానేస్తే షుగరు తగ్గుతుందా?

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, చేప, మాంసం ఏదీ లేని భోజనాన్ని వీగన్ ఆహారం అంటారు. దానికి మారితే షుగరు తగ్గుతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి జవాబు ఒక పాత కథతో మొదలుపెడదాం. 1939లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు ఒక వింత పథ్యం మొదలుపెట్టాడు. కిడ్నీలు దెబ్బతిని, బీపీ అదుపు తప్పిన రోగులకి తెల్లన్నం, పళ్లు, పళ్లరసం, చక్కెర పెట్టాడు. ఉప్పు, నూనె, పాలు, మాంసం ఏవీ లేవు. నాజీల జర్మనీ విడిచి వచ్చిన ఈ బెర్లిన్ వైద్యుడు కిడ్నీల మీద భారం తగ్గించాలని చూశాడే తప్ప షుగరు గురించి ఆలోచించి చేసిన పని కాదిది. కానీ ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో షుగరు ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇంత అన్నం, పైన చక్కెర తింటే వాళ్ల గతి ఏమవుతుందో చెప్పడానికి వైద్యశాస్త్రం అక్కర్లేదనిపిస్తుంది. 1958లో వందమంది షుగరు రోగుల వివరాలు ఆయన ప్రచురించాడు. చాలామందిలో షుగరు పెరగలేదు సరికదా, తగ్గింది. ఇన్సులిన్ అవసరం కూడా తగ్గింది.

డాక్టరు గదిలోంచి "అన్నం తగ్గించండి" అన్న మాట విని బయటికొచ్చే మనకి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. ఇంట్లో చేసి చూడదగ్గ పథ్యం కూడా కాదిది. అందులో మాంసకృత్తులు రోజుకి 20 గ్రాములే, రోగులు వైద్యుల కళ్లముందే ఉండేవాళ్లు, చాలామంది బాగా బరువు తగ్గారు. అయినా ఆ ఫలితం ఒక గట్టి ప్రశ్న లేవదీసింది. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 షుగరుకి తిన్న పిండిపదార్థమే మూలమా? లేక ఆ పిండిని వాడుకోలేని స్థితికి శరీరాన్ని ముందే ఇంకేదో తెచ్చిపెట్టిందా?

రెండోదే నిజమని తర్వాతి పరిశోధనలు చూపిస్తూ వచ్చాయి. మనం తిన్న గ్లూకోజులో పెద్ద వాటా వెళ్లాల్సింది కండరాల్లోకి. ఇన్సులిన్ కండర కణాన్ని తాకగానే కణం లోపల వరుసగా సంకేతాలు నడిచి, గ్లూకోజును లోపలికి తీసుకునే ప్రొటీన్లు పైపొరకి చేరాలి. కణం లోపల కొవ్వు పేరుకుపోతే, దాని నుంచి పుట్టే కొన్ని పదార్థాలు ఆ సంకేతాన్ని మధ్యలోనే అడ్డుకుంటాయి. కాలేయంలో కొవ్వు చేరితే అది ఇన్సులిన్ మాట వినకుండా రాత్రంతా గ్లూకోజును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. "రాత్రి రెండు పుల్కాలే తిన్నా పొద్దున షుగరు ఎందుకింత ఉంది" అని ఆశ్చర్యపోయేవాళ్లకి సమాధానం చాలావరకు ఈ కాలేయంలోనే ఉంది. మన భారతీయులకి అదే బరువున్న ఐరోపావాళ్లకన్నా ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ, లోపలి అవయవాల్లో ఎక్కువ. చూడటానికి సన్నగా ఉన్నవాళ్లకి కూడా షుగరు రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఆ కొవ్వు కరిగితే జబ్బు వెనక్కి తగ్గుతుందని బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరీక్ష 2017లో చూపించింది. అందులో పాల్గొన్నవాళ్లకి కొన్ని నెలలపాటు తక్కువ కేలరీల పానీయాలే ఆహారం. ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందులు లేకుండానే షుగరు జబ్బు హద్దులోంచి బయటపడ్డారు. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలోనైతే 86 శాతం. ఆ పానీయాలు వీగన్ ఆహారం కాదన్నది గుర్తుపెట్టుకోవాలి. షుగరు తగ్గించే మహిమ వీగన్ అన్న పేరులో లేదు.

మరి వీగన్ ఆహారం ఏం చేస్తుంది? దీన్ని నేరుగా పరీక్షించిన వాటిలో పేరున్నది అమెరికాలో నీల్ బర్నార్డ్ బృందం 2006లో ప్రచురించినది. టైప్ 2 షుగరు ఉన్న 99 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి నూనె బాగా తగ్గించిన వీగన్ భోజనం, ఇంతే తినాలన్న కొలత లేదు. రెండో జట్టుకి అప్పటి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పిన పథ్యం, కొలతలతో సహా. 22 వారాల తర్వాత వీగన్ జట్టులో 43 శాతం మందికి షుగరు మందులు తగ్గించగలిగారు, రెండో జట్టులో 26 శాతం మందికి. బరువు సగటున 6.5 కిలోలు, 3.1 కిలోలు తగ్గింది. మందులు మారనివాళ్లలో మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వీగన్ జట్టుకి 1.23, రెండో జట్టుకి 0.38 పాయింట్లు తగ్గింది. ఒక మాత్ర ఇచ్చే ఫలితానికి ఇది తీసిపోదు. కానీ అందరినీ కలిపి లెక్కగడితే తేడా అంత స్పష్టంగా లేదు, 74 వారాలకి ఇంకా కుంచించుకుపోయింది. పథ్యం పట్టు సడలడం మనుషులందరికీ ఉన్నదే.

నన్నడిగితే మనకి ఇంకా దగ్గరి పరీక్ష దక్షిణ కొరియాది. వాళ్లూ మనలాగే అన్నం తినే జనం. 2016లో వచ్చిన ఆ అధ్యయనంలో ఒక జట్టు 12 వారాలు ముడిబియ్యం అన్నం, కూరగాయలు, పప్పుధాన్యాలు, పళ్లు తింది. పాలిష్ బియ్యం, మైదా, జంతువుల నుంచి వచ్చే పదార్థాలు మానేసింది. హెచ్‌బీఏ1సీ వాళ్లకి 0.5 తగ్గింది, మామూలు షుగరు పథ్యం పాటించినవాళ్లకి 0.2. నియమం గట్టిగా పాటించినవాళ్లను మాత్రమే తీసుకుంటే 0.9, 0.3. కేలరీల్లోనూ నడుము కొలతలోనూ వచ్చిన మార్పును లెక్కలోంచి తీసేసినా తేడా నిలిచింది. అంటే బరువు తగ్గడమే కాకుండా పీచు, పొట్టు తీయని గింజ కూడా తమ వంతు పని చేసి ఉండొచ్చు.

ఇక మన పళ్లెం సంగతికి వద్దాం, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అమెరికాలో మాంసం, చీజు మానేసినవాడి పళ్లెంలోకి చిక్కుళ్లు, కూరగాయలు వచ్చి చేరతాయి. మన ఇళ్లలో పళ్లెం ముప్పాతిక ఇప్పటికే అన్నమే. అందులోంచి పెరుగు, గుడ్డు, చేప తీసేస్తే ఆకలి తీర్చుకోవడానికి ఇంకో గరిటె అన్నమే పడుతుంది. పులిహోర వీగనే. నూనెలో వేయించిన మిరపకాయ బజ్జీ, మైదా పరోటా, బంగాళాదుంప వేపుడు, సోడా కూడా వీగనే. 21 దేశాల్లో జనాన్ని ఏళ్లతరబడి గమనించిన ప్యూర్ అధ్యయనంలో, రోజుకి 450 గ్రాములు దాటి తెల్లన్నం తినేవాళ్లకి 150 గ్రాముల లోపు తినేవాళ్లకన్నా షుగరు వచ్చే ప్రమాదం 20 శాతం ఎక్కువని తేలింది. దక్షిణాసియాలో ఆ తేడా 61 శాతం.

కాబట్టి మన దగ్గర వీగన్ భోజనం పనిచెయ్యాలంటే పెద్దపీట పప్పుధాన్యాలది. పలచటి చారులో తేలే నాలుగు పప్పుబద్దలు చాలవు. ఉలవలు, అలసందలు, శనగలు, పెసలు చిక్కగా, కడుపు నిండేలా ఉండాలి. వంద గ్రాముల ఎండు ఉలవల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ 1980ల మొదట్లో ఒక చక్కటి సంగతి కనిపెట్టాడు. పొద్దున మసూర్ పప్పు తిన్నవాళ్లకి ఆ పూటే కాదు, మధ్యాహ్నం ఇంకేదో తిన్నప్పుడు కూడా షుగరు తక్కువగా పెరిగింది. మెల్లగా అరిగే పిండి ప్రభావం తర్వాతి భోజనం దాకా సాగుతుందన్నమాట. ఇడ్లీ బదులు పెసరట్టు తినడానికి ఇంతకన్నా మంచి కారణం ఏం కావాలి, లోపల ఉప్మా కూరకుండా ఉంటే! రుబ్బిన పిండికన్నా ఉడికించిన గుగ్గిళ్లు ఇంకా నెమ్మదిగా అరుగుతాయి. తోటకూర, గోంగూర, బీర, సొర పప్పులో దండిగా పడాలి. జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే, కానీ చిరుధాన్యాలని పేరు పెట్టుకుని అన్నం తిన్నంతా తింటే షుగరు ఊరుకోదు.

జాగ్రత్తల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది విటమిన్ బీ12. అది మొక్కల్లో దొరకదు, కనక పాలు, గుడ్డు కూడా మానేసినవాళ్లకి మాత్ర తప్పనిసరి. షుగరుకి మొదట రాసే మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. రెండూ కలిస్తే లోపం త్వరగా ముదురుతుంది. అప్పుడు అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, మండుతాయి. షుగరు ముదిరి నరాలు దెబ్బతిన్నా సరిగ్గా ఇవే లక్షణాలు. రోగి షుగరు వల్లే అనుకుని ఊరుకుంటాడు, ఈలోగా సులువుగా సరిచెయ్యగలిగిన లోపం నరాలకి శాశ్వత నష్టం చేసిపోతుంది. బర్నార్డ్ బృందం తన రోగులకి బీ12 మాత్రలు ముందే ఇచ్చింది. మన దగ్గర "ప్రకృతి ఆహారం" పేరుతో వీగన్ పథ్యం చెప్పేవాళ్లు ఈ ఒక్క మాట దాటేస్తే అది చిన్న తప్పు కాదు.

ఇన్సులిన్‌ని ఎక్కువ ఊరించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు భోజనం ఒక్కసారిగా మార్చి మందు పాత మోతాదులోనే వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. మొదలుపెట్టేముందే డాక్టరుకి చెప్పి, మొదటి వారాల్లో గ్లూకోమీటరుతో రోజూ చూసుకుంటూ ఉంటే మోతాదు ఆయనే తగ్గిస్తాడు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే పొటాషియం లెక్క వేరు, వాళ్లు అడక్కుండా ఏదీ మార్చకూడదు. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్ 1 షుగరు ఉన్నవాళ్లకి ఏ పథ్యమూ ఇన్సులిన్‌కి బదులు కాదు. ఆపితే కొద్ది రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది.

ఇక పెరుగు. జనాన్ని గమనించిన అధ్యయనాల్లో చక్కెర కలపని పెరుగు షుగరుని పెంచుతుందన్న ఆధారం కనబడలేదు, రోజూ తినేవాళ్లలో షుగరు కొంత తక్కువగానే కనిపించింది. జంతువుల మీద దయతోనో, పర్యావరణం కోసమో పూర్తిగా మానదలుచుకున్నవాళ్ల నిర్ణయం నాకు గౌరవనీయమే, బీ12 వేసుకుంటూ, పప్పులు పెంచుకుంటూ వాళ్లు నిక్షేపంగా ఉండొచ్చు. షుగరు ఒక్కటే కారణమైతే మాత్రం ముందు తగ్గాల్సింది పాలిష్ బియ్యం, వేపుడు నూనె, పొట్ట చుట్టుకొలత. ఆ మూడూ తగ్గించి ఆఖర్న ఓ కప్పు పెరుగు కలుపుకునేవాళ్లు పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు.