జెర్రిపోతును పెంచి పిల్లల్ని తీయొచ్చా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు, తెనాలి వైపు ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి, అటవీశాఖకు చెప్పి వదిలిపెట్టడం నా పని. ఈ మధ్య కొందరు కుర్రాళ్లు "పాము దూరింది, రండన్నా" అని కాదు, "అరుదైన ర్యాట్ స్నేక్ జత దొరుకుతుందా అన్నా, పిల్లల్ని తీద్దాం" అని ఫోన్ చేస్తున్నారు. వీడియోల పుణ్యం! ర్యాట్ స్నేక్ అంటే మన జెర్రిపోతు, దానిలాంటి పాములే.

అపోహ: విషం లేదుగా, జెర్రిపోతును పెంచుకుంటే తప్పేంటి?
విషం లేదన్నది నిజమే. పెంచడం మాత్రం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షిత జాతి. పట్టినా, దాచినా, అమ్మినా కేసే. మీ ఇంట్లో పుట్టిన పిల్లలైనా అంతే.

అపోహ: జెర్రిపోతులన్నీ మగవే, నాగుపాముతో జత కడతాయి.
డిగ్రీలు చదివినవాళ్లూ నమ్ముతారు దీన్ని. జెర్రిపోతుల్లో ఆడా మగా రెండూ ఉంటాయి. నాగుపాముది అసలు వేరే కుటుంబం. రెండు పాములు పైకి లేచి పెనవేసుకుంటే కొత్త తువ్వాలు కప్పి దండం పెడతారు చూడండి, అది మామూలుగా రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ఎదుటిదాని తలను నేలకు అదిమేదాకా సాగుతుంది, ఓడింది జారుకుంటుంది.

అపోహ: పాములకు వేడి కావాలి, మన ఎండలు బాగా పనికొస్తాయి.
వీడియోల్లో కనిపించే మాండరిన్ ర్యాట్ స్నేక్ చైనా కొండల్లోదీ, మన ఈశాన్యంలోదీ. ముక్కు మీద కొమ్ములాంటి పొలుసుండే ఆకుపచ్చటి రైనో ర్యాట్ స్నేక్‌ది ఉత్తర వియత్నాం, దక్షిణ చైనా కొండ అడవులు. మాండరిన్‌కు 30 డిగ్రీలు దాటి నిలిస్తేనే ప్రాణం మీదకొస్తుంది. బెజవాడ మే నెలలో ఏసీ గదిలో పెట్టినా, కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నం చాలు. పైగా జత కట్టాలంటే దానికి చలికాలం కావాలి: రెండు మూడు నెలలు 10-12 డిగ్రీల్లో నిద్ర. ఆ నిద్రకు రెండు వారాల ముందే మేత ఆపాలి, లేకపోతే తిన్నది అరక్క కడుపులోనే కుళ్లుతుంది.

అపోహ: గుడ్లు పెట్టాక ఏముంది, కోడిగుడ్లలా పొదిగించడమే.
ఇక్కడే ఎక్కువ చెడగొడతారు. పాత పునాదులు తవ్వినప్పుడో, గడ్డివాము తీసినప్పుడో జెర్రిపోతు గుడ్లు బయటపడతాయి. తెల్లగా, తోలులా మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. బలవంతంగా విడదీయకూడదు. కోడిగుడ్డును తిప్పుతూ ఉండాలి, పాముగుడ్డును అస్సలు తిప్పకూడదు. పిండం లోపలి పైభాగానికి అతుక్కుని ఉంటుంది, బోర్లిస్తే చచ్చిపోవచ్చు. అందుకే అటవీశాఖ అనుమతితో తెచ్చేటప్పుడు ముందు పెన్సిల్‌తో పైన గుర్తు పెడతాం. తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టులో సగం పూడ్చి, 28-30 డిగ్రీల్లో సుమారు రెండు నెలలు ఉంచుతాం. గుడ్డు సొట్టపడితే తేమ తగ్గినట్టు. నీళ్లు గుడ్ల మీద కాదు, పక్కన పొట్టులో పోయాలి. పిల్ల మూతి చివరి చిన్న పన్నుతో పెంకు చీల్చి, తల బయటపెట్టి ఒక్కోసారి రోజంతా అలాగే ఉంటుంది. ఇరుక్కుపోయిందని లాగకండి, మిగిలిన సొన ఇంకా ఒంట్లోకి ఇంకుతూ ఉంటుంది.

అపోహ: పిల్లలకు పాలు పోస్తే సరి.
పాలు అరగవు. వాటికి కావాల్సింది కప్పలు. రోజూ ఎవరు పట్టి తెస్తారు? అందుకే పెంచం, తొలి కుబుసం విడవగానే పొలం గట్ల దగ్గర వదిలేస్తాం.

పునాదుల్లో గుడ్లు కనిపిస్తే కదపకుండా పైన మట్టి కప్పి, పని కాసేపు ఆపి, అటవీశాఖకు ఫోన్ చేయండి.