టికెట్టు కొన్నదెవరు? ఆఫీసర్ల టూర్ల గొడవ వెనక ఉన్న 2018

రొయ్యల మేత కంపెనీ ఖర్చుతో ఫిషరీస్ ఆఫీసర్లు ఫారిన్ వెళ్ళొచ్చారన్న గొడవ మళ్ళీ లేచింది. భీమవరం నుంచి అమలాపురం దాకా రొయ్య రైతుల వాట్సాప్ గ్రూపుల్లో నాలుగు రోజులుగా ఆ టూర్ ఫొటోలే తిరుగుతున్నాయి, కింద కామెంట్లు చదివే పనే లేదు, ఎవరేం రాసుంటారో ఊహించుకోవచ్చు.

వరి చేలు చెరువులెలా అయ్యాయి, వనామి రకం రొయ్య ఎప్పుడొచ్చింది, కంపెనీలు డీలర్లని టూర్లు తిప్పడం ఎప్పుడు మొదలైంది, ఇవన్నీ మనవాళ్ళకి తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. డీలరు టార్గెట్ కొట్టి బ్యాంకాక్ వెళ్తే అది వాళ్ళ వ్యాపారం. ఆఫీసరు సంగతి అలా కాదు. 2020లో మన రాష్ట్రం మేత నాణ్యత మీద చట్టం తెచ్చింది కదా, దాని ప్రకారం మేతకి లైసెన్సు ఇచ్చేదీ, బస్తా విప్పి శాంపిల్ తీసేదీ, తేడా ఉంటే కేసు రాసేదీ ఆ డిపార్ట్‌మెంటే. రైతు పెట్టుబడిలో సగం పైన మేతకే పోతుంది, అలాంటి మేతని చెక్ చేయాల్సిన మనిషికి ఆ మేత అమ్మేవాడే విమానం టికెట్టు కొంటే ఎలాగండీ అన్నది రైతుల ప్రశ్న.

ఆఫీసర్ల మాట: వెళ్ళింది ట్రైనింగ్‌కి, ప్రభుత్వం దగ్గర దానికి డబ్బుల్లేవు, పైనుంచి పర్మిషన్ ఉంది. అంతవరకే చెప్తున్నారు.

అసలు దీనికి రూల్స్ లేవా అంటే బోలెడున్నాయి. కేంద్ర ఉద్యోగులకి 1964లో, ఐఏఎస్ ఐపీఎస్‌లకి 1968లో వచ్చిన కండక్ట్ (ప్రవర్తన) రూల్స్‌లో ఉచిత ప్రయాణం, బస, భోజనం కూడా గిఫ్ట్ కిందే లెక్క అని స్పష్టంగా ఉంది. రాష్ట్ర ఉద్యోగులకీ 1964లోనే విడిగా రూల్స్ వచ్చాయి. కానీ కేంద్రం రూల్స్‌లోనే ఆ పక్కన ఒక మినహాయింపుంది, మామూలు భోజనం, దారిలో లిఫ్ట్, అతిథి మర్యాద లాంటివి గిఫ్ట్ కాదట. గోదారి జిల్లాల్లో మర్యాదకి హద్దెక్కడ పెడతారో ఆ రాసినాయన ఒక్క సంక్రాంతికి ఇటొచ్చుంటే తెలిసేది! పైగా ఈ రూలు మీరితే నడిచేది డిపార్ట్‌మెంట్ ఎంక్వైరీ, అంటే వాళ్ళ ఫైలు వాళ్ళే చూసుకోవడం.

గట్టి రూలు ఒక్కటే ఉండేది, ఎఫ్‌సీఆర్‌ఏ. విదేశీ విరాళాల నియంత్రణ చట్టమన్నమాట, 1976లో ఎమర్జెన్సీ టైంలో తెచ్చారు, 2010లో తిరగరాశారు. ఎమ్మెల్యే, ఎంపీ, జడ్జి, ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ కార్పొరేషన్ ఉద్యోగి ఎవరైనా సరే, విదేశీ సోర్స్ ఖర్చుతో ఫారిన్ వెళ్ళాలంటే ముందుగా కేంద్ర హోం శాఖ అనుమతి తీసుకోవాలి, లేకపోతే జైలు దాకా వెళ్ళే నేరం. అక్కడికెళ్ళాక సడన్‌గా జబ్బు చేస్తే వైద్యం చేయించుకోవచ్చు, అదీ నెలలోపు తెలియజేయాలి. దేశంలో రిజిస్టరైన కంపెనీ అయినా, వాటాల్లో సగానికి మించి విదేశీయులవైతే అదీ విదేశీ సోర్సే అని ఆ చట్టంలో ఉండేది. మన డెల్టాలో మేత, సీడ్ (రొయ్య పిల్ల) అమ్మేవాళ్ళలో అలాంటి కంపెనీలు ఉన్నాయి కాబట్టి ఆ ముక్క మనకి చాలా ముఖ్యం.

ఆ ముక్కే పోయింది, పోయింది కూడా రొయ్యల గురించి కాదు. 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, బ్రిటన్‌లోని వేదాంత గ్రూపుకి చెందిన ఇక్కడి కంపెనీల నుంచి బీజేపీ, కాంగ్రెస్ రెండూ చందాలు తీసుకోవడం ఎఫ్‌సీఆర్‌ఏకి విరుద్ధం అని తీర్పిచ్చింది. రెండు పార్టీలూ సుప్రీంకోర్టుకెళ్ళాయి. ఈలోపు 2016 ఫైనాన్స్ చట్టంలో ఒక లైను చేరింది, ఆ రంగంలో ఎఫ్‌డీఐ (నేరుగా వచ్చే విదేశీ పెట్టుబడి) పరిమితి లోపల విదేశీ వాటా ఉంటే, సగం దాటినా సరే ఆ కంపెనీ విదేశీ సోర్స్ కాదు అని. అది 2010 నుంచే వర్తిస్తుందన్నారు, కానీ ఆ చందాలు అంతకుముందువి కదా, చాల్లేదు. 2018లో దాన్ని ఏకంగా 1976 ఆగస్టు 5 దాకా వెనక్కి జరిపారు. ఆ ఫైనాన్స్ బిల్లు 2018 మార్చి 14న లోక్‌సభలో చర్చ లేకుండా పాసైంది, ఆ రోజుల్లో సభలో గోల చేస్తున్నవాళ్ళలో ప్రత్యేక హోదా కోసం మన టీడీపీ, వైసీపీ ఎంపీలూ ఉన్నారు. హోదా రాలేదు, బిల్లు వెళ్ళిపోయింది.

పార్టీల చందాల కోసం తెరిచిన ఆ తలుపులోంచే ఇప్పుడు టూర్లు నడుస్తున్నాయనేది నా ఉద్దేశం. ఫారిన్ కంపెనీ తాలూకు ఇండియా సంస్థ టికెట్టు కొంటే హోం శాఖ అనుమతి అక్కర్లేదు, మిగిలింది కండక్ట్ రూల్సే. అయితే అక్కడి హోటల్ బిల్లు విదేశంలో ఉన్న మాతృసంస్థ కట్టి ఉంటే మాత్రం కథ వేరే, అది ఇప్పటికీ విదేశీ ఆతిథ్యమే. అందుకే రైతులు ఫొటోలు వదిలేసి బిల్లుల మీద పడ్డారు.

డాక్టర్లకి ఇంత తిరకాసు లేదు. 2009 డిసెంబర్‌లో మెడికల్ కౌన్సిల్ రైలు, విమానం, ఓడ టికెట్లు అన్నీ పేరు పేరునా రాసి, మందుల కంపెనీల దగ్గర కాన్ఫరెన్స్ పేరుతో కూడా ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదంది. ఆచరణ సంగతి అటుంచండి, రాయడమైతే రాశారు. అమెరికాలో లాబీయిస్ట్ అబ్రమాఫ్ కుంభకోణం, స్కాట్లాండ్ గోల్ఫ్ ట్రిప్పుల గొడవ తర్వాత 2007లో రూల్స్ బిగించారు, ప్రతినిధుల సభ సభ్యులు బయటివాళ్ళ ఖర్చుతో వెళ్ళాలంటే ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, తిరిగొచ్చిన 15 రోజుల్లో ఎవరెంత పెట్టారో బయటపెట్టాలి.

మన దగ్గర ఆ బిల్లుల కోసం ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెడితే వ్యక్తిగత సమాచారం అంటారు, దానికి 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తారు, ఒక ఉద్యోగికి వచ్చిన గిఫ్టుల వివరాలు అడిగిన కేసది, విశాల ప్రజాప్రయోజనం చూపిస్తే తప్ప ఇవ్వక్కర్లేదంది. అందుకే ఈసారి ఆర్టీఐలో రైతులు కాస్త తెలివిగా టూర్ ఊసెత్తకుండా వేరేది అడుగుతున్నారు: గత రెండేళ్ళలో ఆ కంపెనీ మేత ఎన్నిసార్లు శాంపిల్ తీశారు, ఏ ల్యాబ్‌కి పంపారు, రిపోర్టులేమయ్యాయి. శాంపిళ్ళ రిజిస్టరు ఎవరి సొంత విషయమూ కాదు కాబట్టి ఇవ్వం అనడానికి ఆ తీర్పు పనికిరాదు. ఆర్టీఐ గడువు 30 రోజులు, ఇంకా జవాబు రాలేదు.