అంగన్‌వాడీ టీచరు ఉద్యోగి ఎందుకు కాలేదు?

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు వస్తున్నాయి. జీతం పెంచాలనీ, పని మానేటప్పుడు ఒకేసారి ముట్టే గ్రాట్యుటీ ఇవ్వాలనీ అడిగారు. ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. అత్యవసర సేవ కాబట్టి సమ్మె చేయకూడదన్న సర్కారే మామూలు రోజుల్లో వాళ్లను తన ఉద్యోగులుగా లెక్కపెట్టదు! ఈ పేచీ నిన్నమొన్నటిది కాదు.

ఒకప్పుడు మన దగ్గర సంఘసేవ అంటే మనసున్నవాళ్లు సొంత డబ్బు పెట్టి చేసే పని. రాజమండ్రిలో వీరేశలింగం తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. ఆ ఊళ్లోనే 1909లో పుట్టిన దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్) 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చిన్నప్పుడే పెళ్లి చేస్తే, పెద్దయ్యాక ఆ బంధం వద్దనుకుని బయటికి వచ్చిన మనిషి ఆమె. స్వాతంత్య్రోద్యమంలో జైలుకెళ్లి వచ్చాక చదువు కొనసాగించి లాయరయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకు తయారు చేయించడం ఆమెకు బాగా తెలిసిన పని.

1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యాక ఆమె ముందుకొచ్చిన ప్రశ్న ఒకటే: సంక్షేమాన్ని ప్రభుత్వ శాఖకు అప్పగించాలా, ఊళ్లలో పనిచేస్తున్న సంఘాలకు డబ్బిచ్చి చేయించాలా? ఆమె రెండో దారి పట్టారు. ఫైళ్ల మధ్య పని నలిగిపోతుందన్న భయం అందులో ఉంది. మొదటి ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సాయానికి 4 కోట్లు కేటాయించారు. 1953 ఆగస్టులో ఆమె అధ్యక్షురాలిగా కేంద్ర సంఘ సంక్షేమ బోర్డు ఏర్పడింది. మరుసటి ఏడాది నుంచి పల్లెల్లో విస్తరణ ప్రాజెక్టులు పెట్టి, బాలవాడీలు (చిన్నపిల్లల బడులు), కాన్పు సాయం, చేతిపనుల శిక్షణ లాంటివి మొదలుపెట్టారు.

వీటిని నడపడానికి గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు కావాలి. కానీ పల్లెల్లో అంత చదివిన ఆడవాళ్లు ఏరీ? 1958లో బోర్డు తెచ్చిన సంక్షిప్త విద్యా కోర్సు దీనికి జవాబు. బడి మానేసిన పెద్ద వయసు ఆడవాళ్లను, ముఖ్యంగా వితంతువులను, భర్త వదిలేసినవాళ్లను రెండేళ్లలో పరీక్ష దాటించడం. మద్రాసులో చేసిందే దేశమంతా చేశారన్నమాట. వాళ్ల చేతికి సంపాదన రావాలన్నది ఈ కోర్సులో అసలు ఉద్దేశం. బోర్డు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది ఇదే.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఈసారి సంస్థల చేతికి గ్రాంటు ఇచ్చి ఊరుకోకుండా ప్రభుత్వమే ఊళ్లోకి దిగింది. పౌష్టికాహారం, టీకాలు, ప్రీ స్కూలు అన్నీ ఒక్క కేంద్రంలోనే. అదే అంగన్‌వాడీ. నడిపే మనిషిని మాత్రం పాత పద్ధతిలోనే చూసింది: ఊరి మహిళ, రోజుకు కొన్ని గంటలు, సేవాభావంతో చేసే పని, గౌరవ వేతనం. సంఘసేవ నుంచి సేవ అన్న ముక్కను ఉంచుకుని, దుర్గాబాయి పట్టుబట్టిన సంపాదన ముక్కను వదిలేసిందని నా అభిప్రాయం. ఆడవాళ్ల పని కాబట్టే ఇది ఇన్నేళ్లు చెల్లింది.

ఆ కొన్ని గంటల పని తర్వాత ఎంత పెరిగిందో ఏ టీచరునడిగినా చెబుతుంది. గుడ్లు, పిల్లలకిచ్చే బాలామృతం పొడి లెక్కలు, రిజిస్టర్లు, సర్వేలు, ఫోన్‌లో వివరాలెక్కించే పోషణ్ ట్రాకర్ యాప్, నెట్ రాకపోతే అదో టెన్షన్. హోదా మాత్రం మారలేదు. అంగన్‌వాడీ వర్కర్లది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వోద్యోగం, కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో గ్రాట్యుటీ చట్టం వాళ్లకూ వర్తిస్తుందని అదే కోర్టు తీర్పిచ్చింది. సమ్మెలో గ్రాట్యుటీ డిమాండుకు బలం అక్కడి నుంచే వచ్చింది.

2022 జులై ఆఖరున కేంద్ర సంఘ సంక్షేమ బోర్డును మూసేశారు. పెద్ద చర్చేమీ జరగలేదు. అంగన్‌వాడీ టీచరుకు కేంద్రం లెక్కలో గౌరవ వేతనం 2018 అక్టోబరులో 3,000 నుంచి 4,500 అయింది. ఆపైన ఎంత కలపాలన్నది రాష్ట్రాల ఇష్టం. అందుకే సమ్మె నాటికి అదే పనికి తెలంగాణలో 13,650, ఆంధ్రలో 11,500.