అరగీత చేసిన అల్లరి

పాత గేమ్ కన్సోల్‌ను దుమ్ము దులిపి కొత్త టీవీకి తగిలించినవాళ్లకు ముందుగా ఎదురయ్యేది నిరాశే. రంగులు అలికేసినట్టుంటాయి, అంచుల వెంట చీమలు పాకుతున్నట్టు చుక్కలు కదులుతుంటాయి, బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ ఎగరదు. చిన్నప్పుడు ఇంత అధ్వానంగా ఉండేదా అన్న అనుమానం వస్తుంది. ఉండేది కాదు. కన్సోల్ ఆనాడు పంపినదే ఈనాడూ పంపుతోంది. చదువుకోవడంలో పొరబడుతున్నది టీవీ.

అమెరికా, జపాన్‌లలో వాడిన ఎన్‌టీఎస్‌సీ టీవీ ప్రసార పద్ధతిలో ఒక చిత్రానికి 525 గీతలు. వాటిని ఒక్కసారిగా గీయరు. మొదటి విడతలో గీత విడిచి గీత గీసి, రెండో విడతలో మధ్య ఖాళీలు నింపుతారు. అంటే విడతకు 262న్నర గీతలు. కిటుకంతా ఆ అరగీతలోనే ఉంది. దానివల్లే రెండో విడత కాస్త జరిగి, మొదటి విడత వదిలేసిన సందుల్లో పడుతుంది. కన్సోల్ ఇంజినీర్లు ఆ అరగీతను కోసిపారేశారు. విడతకు సరిగ్గా 262 గీతలు పంపితే ప్రతి విడతా పాత గీతల మీదే పడుతుంది, సందులు నల్లగా ఉండిపోతాయి. వాటిలో బొమ్మకు పనికొచ్చేవి దాదాపు 240. అలా సెకనుకు 60 పూర్తి చిత్రాలు దక్కాయి. దీన్నే ఇప్పుడు 240పీ అంటున్నాం. ప్రసార నియమాల్లో లేని పద్ధతే అయినా, పాత డబ్బా టీవీకి నియమాలతో పనేముంది? కిరణాన్ని ఎటు తిప్పమంటే అటు తిప్పేది.

కొత్త టీవీ అలా కాదు, ఆలోచిస్తుంది. వచ్చింది 480ఐ, అంటే రెండు విడతల్లో వచ్చే మామూలు ప్రసార చిత్రం అనుకుని, వరసగా వచ్చిన రెండు వేర్వేరు చిత్రాలను ఒకే చిత్రంలోని రెండు సగాలుగా భావించి అల్లేస్తుంది చాలాసార్లు. కదిలే బొమ్మ అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి. ఇంతకంటే విచిత్రం నీడలకు జరిగేది. పారదర్శకత చూపే హార్డ్‌వేర్ లేని రోజుల్లో, నీడను ఒక చిత్రంలో చూపి మరుసటి చిత్రంలో దాచేవారు. కంటికి అది సగం పారదర్శకంగా అనిపించేది. ఈ అల్లికలో ఆ నీడ చారలుగా మారుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. పైగా అల్లడానికి టైం పడుతుంది. బటన్ ఆలస్యంలో కొంత వాటా దానిదే. టీవీలో గేమ్ మోడ్ పెడితే ఆలస్యం కొంత తగ్గుతుంది గానీ పొరబాటు పోదు.

చికిత్స తీగతో మొదలుపెట్టాలి. పసుపు పిన్నుండే కాంపోజిట్ కేబుల్‌లో వెలుగు, రంగు రెండూ ఒకే తీగలో ప్రయాణిస్తాయి. రంగు 3.58 మెగాహెర్ట్జ్ తరంగం మీద సవారీ చేస్తుంది. ఒకసారి కలిశాక వాటిని పూర్తిగా విడదీయడం కష్టం. ఆ చీమలు అలా పుట్టినవే. ఎస్-వీడియో ఆ రెంటినీ వేరు చేస్తుంది. ఆర్‌జీబీ అయితే మూడు రంగులకు మూడు తీగలు. సూపర్ నింటెండో, మెగా డ్రైవ్ కన్సోళ్లలో చాలా మోడళ్లు ఆర్‌జీబీని మొదటినుంచీ ఇస్తూనే ఉన్నాయి, సరైన కేబుల్ వేస్తే చాలు. సూపర్ నింటెండోకు ముందు తరం కన్సోల్ అయిన నెస్ సంగతి వేరు. దాని వీడియో చిప్ నేరుగా కాంపోజిట్‌నే తయారుచేస్తుంది, కాబట్టి పెట్టె విప్పి లోపల మార్పులు చేయాల్సిందే.

తర్వాత స్కేలర్, అంటే కన్సోల్‌కూ టీవీకీ మధ్య కూర్చుని పాత చిత్రాన్ని కొత్త తెరకు తగ్గట్టు పెంచే పెట్టె. ఓఎస్‌ఎస్‌సీ లాంటి పరికరం మొత్తం చిత్రం వచ్చేదాకా ఆగదు. వచ్చిన గీతను వచ్చినట్టే రెండు నుంచి ఐదుసార్లు తిరిగి పంపేస్తుంది, ఆలస్యం లెక్కలోకి రానంత తక్కువ. ఇక్కడో చిన్న ఎక్కం ఉంది. హెచ్‌డీ తెరలోని 1080 వరసలను 240తో భాగిస్తే నాలుగున్నర. మళ్లీ అరగీత గొడవే! కొన్ని గీతలు నాలుగు వరసల మందం, కొన్ని ఐదు, తెర జరిగినప్పుడల్లా బొమ్మ అలల్లా కదులుతుంది. సూపర్ నింటెండో సాధారణంగా గీసే 224 గీతలను ఐదింతలు చేస్తే 1120 అవుతుంది. పైనా కిందా నాలుగేసి గీతలు వదులుకుంటే 1080లో సరిపోతుంది. 4కే తెరకు ఆ పాట్లు లేవు. 2160 అంటే 240కి సరిగ్గా తొమ్మిదింతలు. తెర ఆకారాన్ని 4:3కి మార్చడం మాత్రం మరవకూడదు, లేకపోతే మారియో లావెక్కుతాడు.

ఇంతా చేసి బొమ్మను అద్దంలా చేశాక మరో చిక్కు. మెగా డ్రైవ్ సోనిక్ ఆటలో జలపాతం ఉంటుంది. గీసినవాళ్లు దాన్ని సన్నటి నిలువు చారలుగా గీశారు. కాంపోజిట్ ఆ చారలను కలిపేసి, వెనక ఉన్నవి కనిపించే నీళ్లుగా మార్చేది. ఆర్‌జీబీలో చూస్తే జైలు ఊచల్లా ఉంటాయి. అందుకే అన్ని ఆటలకూ పదునే మేలని నేననను. ఆ ఆటకు నా ఓటు మురికి తీగకే. మిగతావాటికి ఆర్‌జీబీ, పైన కాస్త నల్లగీతల ఫిల్టర్. 4కేలో ఒక్కో పాత గీతకు తొమ్మిది వరసలు దొరుకుతాయి గనుక, కిరణం మధ్యలో మెరిసి అంచుల్లో సన్నగిల్లడాన్ని కూడా బాగానే అనుకరించవచ్చు.

దేనికీ లొంగనిది నెస్‌లో బాతుల వేట ఆటకు వాడే తుపాకీ. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం మెరుస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగు కోసం వెతుకుతుంది, అదీ డబ్బా టీవీ కిరణం సెకనుకు దాదాపు 15,700 గీతలు గీస్తున్నప్పుడు పుట్టే మినుకును గుర్తుపట్టేలా అమర్చిన సర్క్యూట్‌తో. కొత్త తెరకు ఆ మినుకు లేదు, వెలుగు కూడా వేళకు రాదు. ఎంత ఖరీదైన స్కేలర్ పెట్టినా బాతు ఎగిరిపోతుంది.