చెయ్యి కుడి, కన్ను ఎడమ అయితే మెదడులో లోపమా? అపోహలు - వాస్తవాలు

"రాసేది కుడిచేత్తో, బంతి తన్నేది ఎడమకాలితో, ఫోన్ పెట్టుకునేది ఎడమచెవికి. నా మెదడులో ఏదైనా తేడా ఉందా?" ఇరవై ఏళ్లవాళ్లు ఈ ప్రశ్నతో వస్తూనే ఉంటారు. ఆన్‌లైన్‌లో ఏదో ప్రశ్నావళి నింపి ఉంటారు, "మిశ్రమ వాటం" (కొన్ని పనులకు కుడి, కొన్నిటికి ఎడమ) అని ఫలితం వచ్చి ఉంటుంది, ఆ కిందే మెదడును "బ్యాలెన్స్" చేసే కోర్సు ప్రకటన ఉంటుంది. డబ్బూ నిద్రా రెండూ పోయేది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: చెయ్యి, కాలు, కన్ను, చెవి అన్నిటికీ ఒకే పక్క వాటం ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. చాలామందికి ఉండదు కూడా. పేరున్న ఒక పాత సర్వే ప్రకారం కుడిచేతి వాటం సుమారు 88 శాతం, కుడికాలు 81, కుడికన్ను 71, కుడిచెవి 60 శాతానికి కాస్త తక్కువ. కుడిచేతి వాళ్లలోనే దాదాపు మూడోవంతు మందికి ఎడమకన్ను వాటం. అంతమందిని రోగులను చేసే సిద్ధాంతాన్నే ముందు అనుమానించాలి. ఇలా చెయ్యి ఒకపక్క, కన్ను ఇంకోపక్క ఉన్నవాళ్లు చదువులో వెనకబడతారన్న మాట మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను 2017లో కలిపి విశ్లేషించారు. చదువుతోగానీ తెలివితేటలతోగానీ సంబంధం ఉందనడానికి గట్టి ఆధారం దొరకలేదు.

ఇక ఆ ప్రశ్నావళి మార్కుల గురించి. ఎక్కువగా వాడేది 1971 నాటి ఎడిన్‌బరో ప్రశ్నావళి. రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, టూత్‌బ్రష్, చీపురు ఇలా పది పనులు. ఎప్పుడూ ఒకే చెయ్యి అయితే ఆ చేతికి రెండు గుర్తులు, ఏ చెయ్యైనా పర్లేదంటే చెరొకటి. కుడి గుర్తుల్లోంచి ఎడమవి తీసేసి, మొత్తం గుర్తులతో భాగించి, 100తో గుణిస్తారు. కుడి 14, ఎడమ 6 వస్తే స్కోరు 40. చీపురు ప్రశ్న దగ్గర "ఎప్పుడూ కుడి" బదులు "ఏదైనా పర్లేదు" అన్నారనుకోండి, 13, 7 అయి స్కోరు 30కి దిగుతుంది. 40 కన్నా తగ్గితే "మిశ్రమ" అని గీత గీసే చోట ఆ ఒక్క జవాబుతోనే మీరు "మిశ్రమ" వర్గంలో పడిపోతారు. గీత ఎక్కడ గీయాలన్నది పరిశోధకుల సౌలభ్యం, మీ మెదడులో ఉన్న సరిహద్దు కాదు.

కంటి పరీక్షలోనైతే తప్పులు మరీ ఎక్కువ. సరైన పద్ధతి ఇదీ: రెండు చేతులూ పూర్తిగా ముందుకు చాపి, అరచేతులు ఒకదానిమీద ఒకటి వేసి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల కంత ఉంచండి. మూడు మీటర్ల దూరంలో, సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉన్న గుర్తును రెండు కళ్లూ తెరిచి ఆ కంతలోంచి చూడండి. తరువాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే గుర్తు మాయమైందో వాటం ఆ కంటిదే. మూడుసార్లు చేయండి. గుర్తు పక్కకు ఉంటే ఫలితం తారుమారు కావచ్చు, ఎందుకంటే చూపు బాగా పక్కకు తిప్పితే అటువైపు కన్నే ముందుకొస్తుంది. ఒక్కచేత్తో కాగితపు గొట్టం ఎత్తి చూడమంటే, ఎత్తిన చేతి పక్క కంటికే మొగ్గు పడుతుంది. అన్నట్టు, వాటమున్న కన్నే బాగా కనిపించే కన్ను అనుకోకండి. చూపు పదును వేరే లెక్క.

ఇది నిజంగా పనికొచ్చేది రైఫిల్, విలువిద్య లాంటి గురి ఆటల్లో. కుడిభుజానికి రైఫిల్ ఆనించి, ఎడమకన్ను వాటంతో రెండు కళ్లూ తెరిచి గురిపెడితే గుండు పక్కకు పోతుంది. ఎడమ కంటద్దం మీద, గురి రేఖకు అడ్డంగా చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లయితే భుజమే మార్చుకోవచ్చు.

కాలి సంగతి: బంతి తన్నే కాలు ఒక్కటే చూడకండి. అప్పుడు ఒళ్లంతా మోసేది రెండో కాలు. కాలివేళ్లతో గోళీ ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడటం కూడా చేయించి చూడాలి. చెవికి ఫోన్ ప్రశ్న ఒక్కటే నమ్మొద్దు. మాట్లాడుతూనే కుడిచేత్తో ఏదైనా రాసుకోవాలంటే ఫోన్ ఎడమచెవికి పెట్టుకోవాల్సి వస్తుంది, అది చెవి వాటం కాదు. తలుపుకు ఏ చెవి ఆనించి వింటారో అడగండి.

మిగతావి గబగబా. ఎడమచేతి వాళ్లు తొందరగా చనిపోతారన్నది లెక్కలో పొరపాటు: వెనకటి తరంలో చాలామందిని బలవంతంగా కుడికి మార్చారు, అందుకే వృద్ధుల మరణాల్లో ఎడమచేతి వాళ్లు తక్కువగా కనిపించి, వాళ్ల సగటు ఆయుష్షు తక్కువన్నట్టు అనిపించింది. ఎడమచేతి వాళ్లకు భాష కుడి మెదడులో ఉంటుందన్నదీ తప్పే, ఎక్కువమందికి ఎడమవైపే ఉంటుంది. వాటమున్న చేతి పట్టు పది శాతం బలంగా ఉండాలన్న లెక్క కుడిచేతి వాళ్లకే సరిపోతుంది. ఎడమచేతి వాళ్లకు సగటున రెండు చేతులూ దాదాపు సమానం. గాయం తరువాత కోలుకున్నారా లేదా అని కొలిచేటప్పుడు ఇది మరిచిపోతే లెక్క తప్పుతుంది. చెయ్యి మార్చి రాయడం సాధన చేస్తే ఆ చేతి రాత బాగుపడుతుంది, తెలివి పెరుగుతుందని ఆశపడకండి.

కంగారు పడాల్సిన సందర్భం ఒకటుంది. ఏళ్లుగా కుడిచేత్తో చేస్తున్న పని ఇప్పుడు ఎడమచేతికి మారిందంటే, బొత్తాం పెట్టడం కష్టమవుతోందంటే, అది వాటం మార్పు కాదు, కుడిచేతి బలహీనత కావచ్చు. నెమ్మదిగా వస్తే న్యూరాలజిస్టుకు చూపించాలి. నిమిషాల్లో వచ్చినా, మాట ముద్దయినా, మూతి వంకరైనా పక్షవాతం కావచ్చు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి, లక్షణం మొదలైన సమయం రాసిపెట్టుకోవాలి. అక్కడ మొదట అడిగేవాటిలో అదొకటి.